మాస్టారి జాబు: కొల్లేటిని కాపాడే చదువు



ఈ నెల వచ్చిన ఉత్తరాలలో కలిదిండి నుంచి తొమ్మిదో తరగతి అమ్మాయి వ్రాసినది ఒకటి ఉన్నది. "మాస్టారూ, మా నాన్న చేపల చెరువు మీద కాపలా ఉంటాడు. నేను బాగా చదువుకొని కొల్లేటిని కాపాడే ఉద్యోగం చెయ్యాలనుకుంటున్నాను. ఆ మాట అంటే మా మామయ్య, 'అయితే పెద్దయ్యాక నువ్వే వచ్చి మన చెరువు గట్లు కొట్టిస్తావన్నమాట!' అంటున్నాడు. నేనేం చదవాలి?" అని అడిగింది. పేరు వేయవద్దన్నది, వేయటం లేదు.

అమ్మాయీ, మీ మామయ్య నవ్వులాటకు అన్నా ఆ మాటలో బరువున్నది. ముందు దాని సంగతి చూచి, తరువాత చదువు సంగతికి వద్దాము.

కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పళ్ళెంలాగా పల్లంగా ఉన్న చోటు కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు, ఇంకా ఎన్నో డ్రెయిన్లు తమ నీటిని తెచ్చి అందులో పోస్తాయి. ఆ నీరు సముద్రానికి పోయే దారి మాత్రం ఉప్పుటేరు ఒక్కటే. దాని పొడుగు సుమారు 60 కిలోమీటర్లు. వరద వచ్చినప్పుడు కొల్లేరు ఆ నీటిని పట్టి ఉంచి నెమ్మదిగా వదులుతుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడను ముంచినప్పుడు, ఆ నీరంతా తరువాత దిగివచ్చింది ఇక్కడికే. ఎండాకాలంలో దీనికి తలకిందుగా జరుగుతుంది. సరస్సులో నీరు తగ్గితే, పోటు వేళ సముద్రపు నీరే ఉప్పుటేటి వెంట ఎగదన్నుకొని వస్తుంది. ఉప్పునీటి బాధ ఎట్లాంటిదో మీ కలిదిండి వారికి నేను చెప్పాలా!

ఇక గట్ల కథ. 1970ల చివర ప్రభుత్వమే మత్స్యకారులకు సహకార సంఘాలు పెట్టించి, సరస్సులో చేపల చెరువులు ఇచ్చింది. రానురాను డబ్బున్నవారు వాటిని కౌలుకు పట్టారు. గట్టు పక్కన గట్టు లేచింది. 1999లో, సముద్రమట్టానికి 5 అడుగుల ఎత్తు గీత వరకు, అంటే 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యమని ప్రకటించారు. 2002లో కొల్లేరు రామ్‌సార్ జాబితాకు ఎక్కింది. (రామ్‌సార్ ఇరాన్ దేశంలో ఒక ఊరు. ప్రపంచంలోని చిత్తడి నేలలను కాపాడుకోవాలని 1971లో దేశాలు అక్కడ ఒప్పందం చేసుకున్నాయి.) 2006లో సుప్రీంకోర్టు ఆదేశాల మీద అభయారణ్యంలోని గట్లను యంత్రాలతోను, పేలుడు మందుతోను తెగగొట్టారు. నీటికి దారి దొరికింది. చెరువుల మీద కూలి చేసుకొనే వారికి పని పోయింది. రెండూ నిజమే. ఒక దానిని చెప్పి రెండవది దాచేవారి మాట నమ్మకు.

మీ నాన్న పనిచేసే చెరువు ఆ గీతకు లోపల ఉన్నదో, బయట ఉన్నదో ముందు తెలుసుకో. బయటిదైతే ఆ ఆదేశం దానికి వర్తించదు. అంతమాత్రాన ఆ చెరువుకూ చుట్టూ ఉన్న నీటికీ సంబంధం లేదనుకోకు. తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్ళు తెరవటం నువ్వు చూచే ఉంటావు. మేత, ఎరువు ఎక్కువైతే నీటిలో పచ్చని నాచు చిక్కగా పెరుగుతుంది. ఎండ ఉన్నంతసేపు అది ప్రాణవాయువును ఇస్తుంది. రాత్రి అదే నాచు తిరిగి పీల్చుకుంటుంది. తెల్లవారేసరికి చేపకు మిగిలేది తక్కువ. ఆ నీటినే డ్రెయినులోకి వదిలితే, ఆ ఎరువు తిని గుర్రపుడెక్క బలుస్తుంది. చెరువులో చేప బ్రతకటానికీ, బయట నీరు బాగుండటానికీ తెలియవలసిన విద్య ఒక్కటే. మీ మామయ్యకు ఈ మాట చెప్పు.

ఇప్పుడు చదువు. అటవీ శాఖలో బీటు ఆఫీసరు పనికి ఇంటర్మీడియట్ చాలు. రేంజి ఆఫీసరుకు డిగ్రీ కావాలి. ఇండియన్ ఫారెస్టు సర్వీసుకు వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, రసాయనశాస్త్రం, గణితం వంటి వాటిలో ఒక్కటైనా ఉన్న డిగ్రీగాని, వ్యవసాయం, ఇంజనీరింగు వంటి డిగ్రీగాని ఉండాలి. నెగ్గినవారికి శిక్షణ డెహ్రాడూనులో. కాలుష్య నియంత్రణ మండలిలో ఇంజనీర్లకు, రసాయనశాస్త్రం చదివినవారికి పని ఉంటుంది. నన్నడిగితే, నీకు తగినది మత్స్యశాస్త్రం. నెల్లూరు జిల్లా ముత్తుకూరులో దానికి కళాశాల ఉన్నది. చెరువు గట్టు మీద పెరిగిన పిల్లకు అక్కడ సగం పాఠం ముందే వచ్చి ఉంటుంది.

అయితే ఉద్యోగం వచ్చాకే పని మొదలుపెట్టాలని లేదు. కొల్లేటి ప్రాంతంలో గూడబాతులు వేల సంఖ్యలో గూళ్ళు పెడుతున్నాయని 1946లో కనిపెట్టి శాస్త్రలోకానికి చెప్పినవాడు కె.కె. నీలకంఠన్ అనే కేరళ యువకుడు. తరువాత ఆయన చేసిన ఉద్యోగం కళాశాలలో ఇంగ్లీషు పాఠాలు చెప్పటం! ఆయన వ్రాసి ఉంచబట్టే, 1975 ప్రాంతంలో ఆ గూళ్ళు మాయమైనప్పుడు ఏమి పోయిందో లోకానికి తెలిసింది. ఈనాడు మీకు దగ్గరలోని ఆటపాకలో అటవీ శాఖవారు పెట్టిన ఇనుప స్టాండ్ల మీద అవే పక్షులు పిల్లలను పెంచుతున్నాయి.

నువ్వూ ఒక లెక్క మొదలుపెట్టు. 8 అంగుళాల తెల్లని పళ్ళెం అడుగున బరువు కట్టి, నడుమ తాడు బిగించు. తాడుకు 10 సెంటీమీటర్లకొక ముడి వెయ్యి. మధ్యాహ్నం వేళ నీడపట్టున నీటిలోకి దించు. పళ్ళెం కనబడకుండా పోయిన లోతు ఒకటి, పైకి లాగుతుంటే మళ్ళీ కనబడిన లోతు ఒకటి వ్రాసుకొని, రెంటి సగటు కట్టు. 1865లో సెక్కీ అనే ఇటలీ మతాచార్యుడు పోపుగారి ఓడ మీద నుంచి సముద్రపు నీటిని ఇట్లాగే పరీక్షించాడు. నీరు ఎంత చిక్కనైతే పళ్ళెం అంత త్వరగా మాయమవుతుంది. చిక్కదనం బురద వల్లనో నాచు వల్లనో తెలియాలి కనుక నీటి రంగు కూడా వ్రాయాలి. వారానికొకసారి, ఒకే చోట, చెరువులో ఒకటి, డ్రెయినులో ఒకటి. నాన్న పక్కన లేనిదే గట్టు దిగవద్దు. తాడు ఆయన చేతిలో ఉంటే ఇంకా మంచిది. మూడు నెలల లెక్క నాకు పంపు, ఈ పేజీలోనే అచ్చు వేయిస్తాను.

వచ్చే నెల: గుర్రపుడెక్క మన దేశానికి ఎట్లా వచ్చింది?