ఏనుగుల ఆట దగ్గర మనమెందుకు ఓడిపోతున్నాం?

ఆ మధ్య జూబ్లీహిల్స్‌లో జరిగిన ఒక చెస్ రేటింగ్ టోర్నమెంటుకు మన హాస్టల్ నుంచి నలుగురు తమ్ముళ్ళు వెళ్ళారు. ఎంట్రీ ఫీజు పూర్వ విద్యార్థులం తలా కొంత వేసుకుని కట్టాం. మేమూ తోడు వెళ్ళాం. ఆ నలుగురిలో ఒకడి ఇల్లు ఫిల్మ్‌నగర్ బస్తీలోనే. వాళ్ళ నాన్న షూటింగుల్లో లైట్లు మోస్తాడు. హాలు ముందు కార్లు, లోపల ల్యాప్‌టాప్‌లు పట్టుకున్న కోచ్‌లు. మనవాడు వాటికేమీ బెదరలేదు. ఐదో రౌండులో తనకన్నా చాలా ఎక్కువ రేటింగున్న కుర్రాడితో మూడు గంటలు కూర్చున్నాడు. చివరికి ఇద్దరికీ చెరొక ఏనుగు, ఎదుటివాడికి అదనంగా ఒక్క బంటు మిగిలాయి. డ్రా కావలసిన ఆట. ఓడిపోయాడు.

తిరిగి వస్తుంటే "వాళ్ళకు కోచ్ ఉన్నాడన్నా" అన్నాడు. మేము ఒప్పుకోలేకపోయాం. ఓపెనింగుల విషయంలో ఆ మాట నిజమే. కానీ ఆ రోజు వాడికి తెలియనిది ఒకే ఒక్క పద్ధతి. అది రెండు వందల ఏళ్ళకు పైగా పుస్తకాల్లో ఉంది.

ఆ పద్ధతి 18వ శతాబ్దపు ఫ్రెంచి ఆటగాడు ఫిలిడోర్ పేరు మీద ఉంది. (ఆయన పేరున్న సంగీతకర్త కూడా, నాటకశాలలకు సంగీతం కట్టేవాడు. ఈ కాలంలో పుడితే ఫిల్మ్‌నగర్‌లోనే ఉండేవాడేమో!) మన రాజు ఎదుటి బంటు దారిలో నిలబడాలి. మన ఏనుగు మన వైపు నుంచి లెక్కపెడితే మూడో అడ్డవరుసలో ఉండాలి. అప్పుడు ఎదుటి రాజు ఆ గీత దాటి ముందుకు రాలేడు. విసిగి బంటునే ఆ వరుసలోకి తోస్తాడు. ఆ క్షణంలోనే మన ఏనుగు బోర్డు అవతలి చివరకు వెళ్ళి, వెనక నుంచి చెక్ మీద చెక్ ఇవ్వాలి. వాళ్ళ రాజుకు దాక్కోవడానికి ఇక బంటు నీడ ఉండదు. అంతే, డ్రా. మనవాడేమో భయపడి ఏనుగును చివరి వరుసలో రాజు పక్కనే కాపలా పెట్టాడు. మేమూ ఆ వయసులో అదే చేసేవాళ్ళం. చేతిలో ఉన్నది పోతుందేమోనని దాన్ని కదపకుండా పట్టుకుని కూర్చోవడం మనకు ఇంట్లోనే అలవాటవుతుంది.

ఇక గెలవాల్సిన వైపు ఉంటే లుసెనా స్థానం తెలియాలి. మన బంటు ఏడో వరుసలో, రాజు దాని ముందు, ఎదుటి రాజు పక్కకు దూరంగా. అప్పుడు ఏనుగును నాలుగో వరుసకు తెచ్చి, రాజు బయటికి వచ్చాక చెక్‌లకు అడ్డం పెట్టాలి. దీన్ని వంతెన కట్టడం అంటారు.

ఏనుగుల్ని ఎప్పుడు మార్చుకోవాలన్నది ఇంకా పెద్ద ప్రశ్న. 2024 డిసెంబరు 12న సింగపూర్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ 14వ ఆట చూసినవాళ్ళకు ఇది గుర్తుంటుంది. చెన్నైలోని తెలుగు కుటుంబంలో పుట్టిన గుకేశ్‌కు అప్పటికి 18 ఏళ్ళు. ఇద్దరికీ చెరొక ఏనుగు, చెరొక శకటు, గుకేశ్‌కు ఒక బంటు ఎక్కువ. నిలబెట్టుకోదగిన ఆటే. కానీ డింగ్ లిరెన్ 55వ ఎత్తులో ఏనుగు మార్పిడికి దారిచ్చాడు. ఏనుగులు పోయాయి, వెంటనే శకట్లూ పోక తప్పలేదు. ఉత్త రాజులూ బంట్లూ మిగిలితే ఆ ఒక్క బంటే గెలిపిస్తుంది. ప్రపంచ విజేతే అక్కడ జారాడంటే మన తమ్ముడిని ఏమంటాం?

మన సీనియర్లలో కొందరు "ముందు ఓపెనింగులు నేర్పండి, పిల్లలకు హుషారు వస్తుంది" అంటారు. మా అభిప్రాయం వేరు. 2021లో నితిన్ హీరోగా 'చెక్' అనే సినిమా వచ్చింది. ఉరిశిక్ష పడిన ఖైదీ చదరంగం ఆడతాడు. అలాంటి కథ సినిమాకు సరిపోతుంది. ఎనభై ఎత్తుల ఏనుగుల ఆటను మాత్రం ఏ దర్శకుడూ తీయడు, ఎవరూ చూడరు. మన పిల్లలు ఆడేది కూడా తెర మీద ఆటలాగే ఉంటోంది. పది ఎత్తుల్లో మంత్రిని బలిచ్చి గెలవాలని చూస్తారు. ఓపెనింగులు ఏటేటా మారతాయి, వాటికి కోచ్, ఖర్చు కావాలి. ఫిలిడోర్ పద్ధతి మారదు. పైగా బోర్డు మీద ఏడు పావులు, అంతకు తక్కువ మిగిలితే, ఏ ఎత్తు గెలుపో ఏది డ్రానో కచ్చితంగా చెప్పే పట్టికలు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. జూబ్లీహిల్స్ కుర్రాడికీ మనవాడికీ అక్కడ దొరికే జవాబు ఒకటే.

మా ఇళ్ళల్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటివాళ్ళం మేమే. మాకు ఏది ముందు చదవాలో చెప్పినవాళ్ళు లేక రెండేళ్ళు వృథా అయ్యాయి. తమ్ముళ్ళకు ఆ కష్టం వద్దు. ప్రతి ఆదివారం సాయంత్రం గంటసేపు మెస్‌హాలులో ఏనుగుల ఆటలే ఆడిద్దామనుకుంటున్నాం. అదీ గడియారం పెట్టి, ఎందుకంటే ఇంట్లో వచ్చిన ఎత్తు అర నిమిషం మిగిలినప్పుడు చేతికి రాదు. వార్డెన్ సార్‌ను అడిగాం. స్టడీ అవర్ తగ్గకూడదన్న షరతు మీద ఒప్పుకున్నారు. బోర్డులు ఉన్నాయి, చెస్ గడియారం లేదు. వార్షికోత్సవానికి వచ్చే పూర్వ విద్యార్థులు పూలదండల ఖర్చు కొంచెం తగ్గించి ఒక గడియారం కొనిస్తే బాగుంటుంది. ఐదో రౌండు ఆ స్థానంతోనే మొదటి ఆదివారం మొదలుపెడతాం. మనవాడు తన వైపే కూర్చుంటానన్నాడు.