సెర్చ్‌లో దొరకని తాత పాటలు

వచ్చే నెల మా తాత సంవత్సరీకం. ఆయన పాటలు చిన్న పుస్తకంగా వేసి చుట్టాలకు పంచుదామన్నాడు నాన్న. కానీ పాటలేవి? 2009లో ముదిగొండలో బాబాయి డీటీపీ సెంటర్ నడిపేటప్పుడు తాత చెబుతుంటే టైప్ చేశాడట. ప్రింటు కాగితాలు చెదలు తిన్నాయి. సెంటర్ ఎప్పుడో మూసేశాడు. మిగిలింది అటక మీది పాత సిస్టమ్.

"ఏ పేరుతో సేవ్ చేశావ్ బాబాయ్?"

"ఇన్నేళ్లయింది, నాకేం యాదికుందిరా?"

హార్డ్‌డిస్క్ ఊడదీసి, కేబుల్‌తో నా లాప్‌టాప్‌కి తగిలించా. 'తాత' అని తెలుగులో కొట్టా. సున్నా. 'పాటలు' అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టా. టీ తాగొచ్చినా ఆ పచ్చగీత పాకుతూనే ఉంది. చివరికి అదీ సున్నానే.

విండోస్ ముందే ఇండెక్స్ చేసుకున్న ఫోల్డర్లలోనే చురుగ్గా వెతుకుతుంది. బయటి డ్రైవ్ అయితే ఒక్కో ఫోల్డర్ తలుపూ తట్టుకుంటూ పోవాలి. అదీ పేర్లే చూస్తుంది. లోపలి మాటలు కూడా చూడాలంటే ఆప్షన్స్‌లో విడిగా టిక్ పెట్టాలి. పెట్టా. అయినా లాభం లేదు.

అసలు పేచీ అను ఫాంట్లతో. అప్పట్లో పెళ్లికార్డు నుంచి కరపత్రం దాకా డీటీపీ సెంటర్లలో పేజ్‌మేకర్, అను ఫాంట్లదే రాజ్యం. స్క్రీన్ మీద తెలుగే కనిపిస్తుంది. ఫైల్ లోపల మాత్రం ఇంగ్లీషు అక్షరాలు, గుర్తుల కోడ్‌లే ఉంటాయి. వాటికి తెలుగు చొక్కా తొడిగారంతే. మీరూ నేనూ ఫోన్లో కొట్టేదేమో యూనికోడ్. ఇక 'తాత' అంటే ఆ ఫైల్ ఎట్లా పలుకుతుంది?

అందుకే ప్రశ్న మార్చా. లోపల ఏముందని కాదు, ఏ రకం ఫైల్, ఎప్పటిది? 'ఎవ్రీథింగ్' అని ఒక ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఉంది. ఎన్‌టీఎఫ్‌ఎస్ డ్రైవ్ అయితే అందులోని ఫైళ్ల పట్టికనే నేరుగా చదివేస్తుంది. స్టార్, చుక్క, పి65 కొట్టా. పేజ్‌మేకర్ 6.5 ఫైళ్ల తోక అది. (7 అయితే పీఎండీ.) వందల ఫైళ్లు బిలబిలా వచ్చాయి. తేదీల వరుసలో పెట్టా.

"ఆయన మోకాలి ఆపరేషన్‌కి ముందు ఎండాకాలంరా," అంది నానమ్మ. ఆ మే నెలలో ఉన్నవి పంతొమ్మిదే. పేర్లు చూడండి: న్యూ, న్యూ1, ఫైనల్, ఫైనల్ ఫైనల్!

పెన్‌డ్రైవ్‌లో వేసుకుని, ఇంకా పేజ్‌మేకర్ వాడే ఒక అన్న దగ్గరికి ఖమ్మం వెళ్లా. 'న్యూ7' తెరిస్తే ముప్పై నాలుగు పాటలు. కన్వర్టర్‌తో యూనికోడ్‌లోకి మార్చాం. కొన్ని ఒత్తులు చెదిరాయి, దిద్దుకోవాలి.

రాత్రి నానమ్మకి చదివి వినిపించా. మూడో పాట దగ్గర ఆపింది.

"ఆయన అట్లా పాడలే. మీ బాబాయి తప్పు కొట్టిండు."

ఇప్పుడు మా ప్రూఫ్ రీడర్ ఆమే. ఇంకా ముప్పై ఒకటి ఉన్నాయి.