కారు పిచ్చి ఒక్కటే చాలదు

స్టాకు కారు రేసులంటే మనవాళ్ళలో చాలామందికి చిన్నచూపు. ఫార్ములా వన్ అయితే ఇంజనీరింగు, నాస్కార్ అయితే "గానుగెద్దులా ఎడమ పక్కకి తిరగడమే కదా" అని ఓ నవ్వు. నాకైతే ఆ నవ్వు నచ్చదు. ఎమ్మెస్‌కి అమెరికా వచ్చే మెకానికల్ కుర్రాళ్ళు కొందరు "అన్నా, ఈ రేసు టీముల్లో మనకి ఉద్యోగాలొస్తాయా? దానికోసమే చదవొచ్చా?" అని అడుగుతున్నారు. అప్పు చేసి చదవబోయేవాళ్ళకి నవ్వి ఊరుకోవడం జవాబు కాదు. నేనూ మెకానికల్ చదివి సాఫ్టువేరులో స్థిరపడ్డవాణ్ణే కాబట్టి, నాకు తోచింది రాస్తున్నా.

ముందు ఇందులో ఇంజనీరింగు ఎక్కడుందో చూద్దాం. ఒకప్పుడు పెద్ద టీములు తమ కారు ఛాసిస్ తామే కట్టుకునేవి. 2022లో "నెక్స్ట్ జెన్" కారు వచ్చాక అది పోయింది. ఛాసిస్, గేరుబాక్సు, చక్రాలు గట్రా అందరూ ఒకే చోట కొనాల్సిందే. మరింకేం, అందరి కార్లూ ఒకటే అయినప్పుడు ఇంజనీర్లకి పనేముంది అనిపిస్తుంది. నిజానికి జరిగింది వేరు. భాగాలన్నీ ఒకటే అయినప్పుడు గెలుపంతా వాటిని ఎలా అమర్చుకున్నారన్న దాంట్లోనే ఉంటుంది. ఏ స్ప్రింగు, ఏ డాంపరు, టైర్లలో గాలి ఎంత, కారు నేలకి ఎంత ఎత్తులో నడవాలి... డేటోనా మలుపుల్లో ట్రాకు 31 డిగ్రీలు వాలి ఉంటుంది, మార్టిన్స్‌విల్‌లో 12 డిగ్రీలే. ఒకచోట కుదిరిన లెక్క ఇంకోచోట పనికిరాదు.

పైగా 2020లో కోవిడ్ విరామం తరవాత చాలా రేసులు ప్రాక్టీసు లేకుండానే నడిపారు. ఇప్పుడు కూడా ప్రాక్టీసుకి దొరికే సమయం తక్కువే. అంటే ట్రక్కులోంచి దిగేసరికే కారు దాదాపు సిద్ధంగా ఉండాలి. సిమ్యులేషను లేకుండా అది అయ్యే పని కాదు. రేసు రోజున కొంతమంది ఇంజనీర్లు ట్రాకు దగ్గర అసలుండరు. ఎక్కడో దూరంగా తమ షాపులో తెరల ముందు కూర్చుని డేటా చూస్తూ, కారుని పిట్‌లోకి ఎప్పుడు పిలవాలో క్రూ చీఫ్‌కి చెబుతుంటారు. అవతలి టీము డ్రైవరు థ్రాటిల్ ఎక్కడ వదిలాడో, బ్రేకు ఎక్కడ తొక్కాడో కూడా వాళ్ళకి కనిపిస్తుంది. అర్ధరాత్రి లాగులు చదివి ప్రొడక్షను కాపాడే మనకి ఈ పని మరీ పరాయిదేం కాదు.

తేడా ఒక్కటే. మన రిలీజు డేటు జరుగుతుంది. డేటోనా జరగదు, వానొస్తే తప్ప :)

"ఎంత చేసినా ఆటే కదా" అనేవాళ్ళకి ఇంకో మాట. 2001లో డేటోనా 500 చివరి ల్యాపులో డేల్ ఎర్న్‌హార్ట్ చనిపోయాడు. తల, మెడలని కాపాడే హ్యాన్స్ అనే పరికరం అప్పటికే ఉంది. మిషిగన్ స్టేట్ యూనివర్సిటీ ప్రొఫెసరు రాబర్ట్ హబ్బర్డ్, రేసు డ్రైవరైన తన బావమరిదితో కలిసి తయారుచేశాడు. అలాంటి పరికరం ఏదో ఒకటి తప్పనిసరి అని నాస్కార్ 2001 అక్టోబరులో చెప్పింది. నెబ్రాస్కా యూనివర్సిటీ వాళ్ళు దెబ్బని తనలోకి తీసుకునే గోడని రూపొందిస్తే, 2002లో ఇండియానాపొలిస్‌లో మొదటిసారి పెట్టారు. ఎర్న్‌హార్ట్ తరవాత కప్ సిరీస్ రేసులో ఏ డ్రైవరూ ప్రాణం పోగొట్టుకోలేదు. 2020లో డేటోనాలోనే ర్యాన్ న్యూమన్ కారు ఘోరంగా పల్టీ కొట్టింది. రెండు రోజులకే అతను కూతుళ్ళ చేతులు పట్టుకుని ఆసుపత్రి నుంచి నడిచి బయటికొచ్చాడు. అన్నట్టు న్యూమన్ కూడా పర్డ్యూలో ఇంజనీరింగు చదివినవాడే. ఇది ఆట కోసం చేసిన పనే, కానీ ఆటబొమ్మల పని కాదు.

సరే, లోపలికి వెళ్ళడం ఎలా? ఆల్బా కోలోన్ సంగతి చూడండి. ప్యూర్టోరికోలో మెకానికల్ చదువుతూ, విద్యార్థులే చిన్న రేసు కారు కట్టే ఫార్ములా ఎస్ఏఈ పోటీలో పనిచేసింది. 1994లో జనరల్ మోటార్స్‌లో చేరింది, తరవాత వాళ్ళ నాస్కార్ ప్రోగ్రాముని నడిపింది, 2018లో హెండ్రిక్ టీముకి వెళ్ళింది. ఆవిడకి తలుపు తెరిచింది ఇంటి పేరో, గ్యారేజీ ఉన్న నాన్నో కాదు, కాలేజీలో కట్టిన ఆ కారు.

మన దగ్గర బాహా ఎస్ఏఈ ఇండియా 2007 నుంచి ఉంది, సుప్రా 2011 నుంచి. కానీ ఆ టీముల్లో ఉన్న పిల్లల్ని మన కాలేజీల్లో ఎలా చూస్తారో మీకు తెలుసు. అటెండెన్సు పోతుందని లెక్చరర్లు, కోడింగు నేర్చుకోరా అని ఇంట్లోవాళ్ళు. నా అభిప్రాయం ఏంటంటే, నాలుగేళ్ళలో ఆ పిల్లలు చేసే అసలైన ఇంజనీరింగు అదొక్కటే. వెల్డింగు విరిగితే ఎందుకు విరిగిందో తేల్చాలి, డబ్బులు అయిపోతే స్పాన్సరుని వెతకాలి, పోటీ రోజుకి కారు కదలాలి. రేసు టీముకైనా ఇంకెవరికైనా కావల్సింది అలాంటి మనిషే.

ఇక కఠినమైన సంగతులు. సీజనులో పాయింట్ల రేసులే 36, ఫిబ్రవరి నుంచి నవంబరు దాకా. టీముతో తిరిగేవాళ్ళకి శని, ఆదివారాలు ఉండవు. ఉద్యోగాలు చాలావరకు షార్లెట్ చుట్టుపక్కలే, అవీ లెక్కపెట్టినన్ని. వచ్చేది విద్యార్థి వీసా మీదయితే ఓపీటీ ఏడాది, స్టెమ్ పొడిగింపు ఇంకో రెండేళ్ళు, ఆ తరవాత హెచ్‌వన్‌బీ లాటరీ. బ్యాంకు వాయిదా మాత్రం లాటరీ కోసం ఆగదు.

అందుకని అడిగినవాళ్ళకి నేను చెప్పేది ఇది. డిగ్రీ పేరులో "మోటార్‌స్పోర్ట్స్" ఉందని దానికోసమే పాతిక లక్షలు అప్పు చేయొద్దు. మెకానికల్‌లోనే చేరి వెహికిల్ డైనమిక్స్, కంట్రోల్స్, డేటా మీద పట్టు సంపాదించండి, కాలేజీ టీములో నల్లగా గ్రీజు పూసుకోండి. టీములో దొరికితే అదృష్టం. దొరక్కపోతే షెవర్లే, ఫోర్డు, టొయోటాలకి షార్లెట్ దగ్గరే సాంకేతిక కేంద్రాలున్నాయి. అవీ కాకపోతే ఆ చదువు ఏ కార్ల కంపెనీలోనైనా పనికొస్తుంది.

ఇంట్లో పెద్దవాళ్ళకి మాత్రం ఒక్క విన్నపం. పిల్లలు రాత్రి పూట వర్క్‌షాపులో ఉన్నారంటే చెడిపోతున్నారని కంగారుపడకండి. వాళ్ళు చదువుకుంటున్నట్టే లెక్క.