ఒక ప్రశ్నార్థకం, రెండు చుక్కలు

తక్కువ లైన్లలో ప్రోగ్రాము రాసినవాడు మేధావి, ఎక్కువ లైన్లు రాసినవాడు మొద్దు – ఈ లెక్క మన విద్యార్థి లోకంలో బాగా పాతుకుపోయింది. ఈ లెక్కకు బలైపోతున్నది సి భాషలోని కండిషనల్ ఆపరేటర్. పాపం, దాని తప్పేమీ లేదు. తప్పంతా మనం వాడే తీరులో ఉంది.

సి భాషలో మూడు భాగాలు కోరే ఆపరేటర్ ఇదొక్కటే. ముందు ఒక షరతు, ఆపైన ప్రశ్నార్థకం. షరతు నిజమైతే మొదటి విలువ, కాకపోతే రెండు చుక్కల తరువాతి విలువ. మా రైతు కుటుంబాలకు తెలిసిన ఉదాహరణే చెబుతాను. 2025–26లో వడ్లకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు ఎ గ్రేడు అయితే 2389 రూపాయలు, సాధారణ రకానికి 2369.

ధర = (గ్రేడు == 'ఎ') ? 2389 : 2369;

ఇదే ఇఫ్, ఎల్స్‌లతో రాస్తే 'ధర' అన్న పేరు రెండుసార్లు రాయాలి. ఇక్కడ ఒక్కసారి చాలు. పైగా ఇఫ్ ఒక ఆజ్ఞ మాత్రమే. ఇది ఒక విలువ. అందుకే దీన్ని ప్రింట్ఎఫ్ బ్రాకెట్లలో కూడా పెట్టవచ్చు, ఇఫ్‌ను పెట్టలేము. ఇంకో సుగుణం ఉంది. కాలువ నీళ్ళు ఒక మడికి మళ్ళిస్తే రెండో మడికి పోవు కదా! ఇక్కడా అంతే. ఎంచుకున్న వైపే లెక్క జరుగుతుంది, రెండోది ముట్టుకోదు. కాబట్టి (సంఖ్య != 0) ? మొత్తం / సంఖ్య : 0 అని రాస్తే సున్నాతో భాగించే ప్రమాదం తప్పుతుంది.

ఇంత మంచి పనిముట్టు, పొదుపు మోజులో పడితే ఏమవుతుందో చూడండి.

ధర = 2369 + (గ్రేడు == 'ఎ') ? 20 : 0;

పైకి బాగానే ఉంది. కానీ సి నియమాల్లో కూడికకు పట్టు ఎక్కువ, ఈ ఆపరేటర్‌కు తక్కువ. ముందు 2369కి ఒకటో సున్నో కలుస్తుంది. వచ్చిన మొత్తం సున్నా కాదు గనుక షరతు నిజమైపోతుంది. ఇంకేముంది, ఏ రకం వడ్లకైనా ధర 20 రూపాయలే! భాష ప్రకారం ఇది తప్పు వాక్యం కాదు. ప్రశ్నార్థకం నుంచి సున్నా దాకా ఉన్న భాగాన్ని దాని షరతుతో సహా ఒక జత బ్రాకెట్లలో పెడితే రైతు బతికిపోతాడు. రెండు అక్షరాల పొదుపుకి ఇంత మూల్యమా?

చరిత్ర కూడా ఇదే చెబుతోంది. బెల్ ల్యాబ్స్‌లో 1970ల మొదట్లో డెనిస్ రిచీ సి భాషను తయారుచేసేనాటికే, దాని ముందుతరమైన బి భాషలో ఈ ఆపరేటర్ ఉంది. ఆ బి భాషను రూపొందించిన కెన్ థాంప్సన్, 2009లో గూగుల్ ప్రకటించిన గో భాష రూపకర్తల్లో కూడా ఒకరు. గో భాషలో మాత్రం ఈ ఆపరేటర్ లేదు! జనం దీనితో అంతుపట్టని వాక్యాలు అల్లడం చూసి వదిలేశామని గో వారి వివరణ. పైథాన్ 2006లో తన 2.5 వెర్షన్‌లో దీన్ని తీసుకుంది, అయితే గుర్తులతో కాదు, మాటలతో.

నేను అంత దూరం పోను. రెండు విలువల్లో ఒకటి ఎంచుకోవాలంటే దీన్ని హాయిగా వాడదాం. మూడో దారి వచ్చిందా, ఇఫ్ రాద్దాం. వరుసగా కింద కింద పేరిస్తే నాలుగైనా చదవవచ్చని కొందరు సీనియర్లు వాదిస్తారు. నిజమే కావచ్చు. కానీ అలా పేర్చేవాళ్ళెందరు?

గురువులకు ఒక మనవి. నాలుగు ప్రశ్నార్థకాలు ఒకదానిలో ఒకటి దూర్చి 'అవుట్‌పుట్ ఎంత?' అని పరీక్షలో అడగడం పొడుపుకథ విప్పమనడమే. పల్లెల నుంచి, తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్ళు అది చూసి, ఈ విద్య మనకు రాదులే అని బెదిరిపోతున్నారు. అదే వాక్యమిచ్చి, 'పక్కవాడికి అర్థమయ్యేలా తిరగరాయి' అని అడగండి. రేపు ఉద్యోగంలో మేం చేయవలసిన పని అదే.

మిత్రులారా! కంప్యూటర్‌కు ఎలా రాసినా ఒకటే. చదవవలసింది మనుషులు. వాళ్ళను దృష్టిలో పెట్టుకుని రాద్దాం.