మాట తడబడిన బిడ్డకు బడిలో చోటెక్కడ?

ప్రాథమిక పాఠశాలలో లెక్క తప్పిన బాలునికి మరల లెక్క చెబుతాము. వ్రాత వంకరపోయిన వానికి చేయి పట్టి దిద్దిస్తాము. మాట తడబడిన వానిని మాత్రము నత్తివాడని పేరు పెట్టి వెనుక బల్లపై కూర్చోబెడతాము. ఇది న్యాయము కాదని మా అభిప్రాయము.

ఆ మధ్య మేమొక ప్రాథమిక పాఠశాలకు వెళ్ళినప్పుడు ఉపాధ్యాయిని రెండవ తరగతి బాలుని చూపించి "వీడికి నోరు తిరగదండీ" అన్నారు. వాడు "కళ్ళు" అనబోయి "కల్లు" అన్నాడు. తరగతి గొల్లున నవ్వినది. మేము ఉర్దూలో పలకరించినాము. ఇంటి సంగతులు, మేకపిల్ల సంగతి ఎక్కడా ఆగక చెప్పినాడు. 'ళ', 'ణ' వాని ఇంటి భాషలో లేవు, అంతే. ఆ బల్లపైననే తెలుగింటి బాలుడొకడు తన మాతృభాషలోనే మొదటి అక్షరమును నాలుగైదు మారులు పలికి ఆగిపోవుచున్నాడు. ఇద్దరికీ పెట్టిన పేరు మాత్రము ఒక్కటే.

ఈ భేదము తేల్చుటయే బడిలో స్పీచ్ థెరపిస్టు చేయవలసిన మొదటి పని. ముందు వినికిడి పరీక్షిస్తారు; చెవికి అందని ధ్వని నాలుకకు రాదు గదా! పిదప ఇంటి భాషలోను, బడి భాషలోను మాట్లాడించి చూస్తారు. తడబాటు రెండింటను ఉన్నచో చికిత్స అవసరము. బడి భాషలోనే ఉన్నచో కావలసినది అభ్యాసము. మన దక్కనీవారు 'కలమ్'ను 'ఖలమ్' అనుట విని లక్నోవారు నవ్వవచ్చును, కాని దానిని ఎవరును వ్యాధి అనరు.

నత్తి సాధారణముగా రెండు నుండి ఐదేండ్ల లోపల మొదలగును. చాలమందిలో దానంతటదే పోవును. పోని వారికి చిన్ననాటనే సహాయము అందవలెను. వసకొమ్ము అరగదీసి నాలుకకు రాయుట మన ఇండ్లలో పాత అలవాటు; దానితో కాలము గడచిపోవును. బడిలో ఉపాధ్యాయుడు చేయదగినదీ కలదు: బిడ్డ చెప్పబోవు మాటను తాను పూర్తి చేయక ఓపికతో వేచియుండుట.

విద్య నేర్పు సంస్థలు లేకపోలేదు. మైసూరులోని అఖిల భారత వాక్ శ్రవణ సంస్థ 1965లో వెలసినది. ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు ఉపాధ్యక్షులైన అలీ యావర్ జంగ్ గారి పేరిట 1983లో బొంబాయిలో ఏర్పడిన జాతీయ సంస్థకు సికింద్రాబాదులో ప్రాంతీయ కేంద్రము కలదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము వాక్, భాషా వైకల్యమును గుర్తించినది. అయితే అది శారీరక, నాడీ కారణములచే కలిగిన శాశ్వత వైకల్యమునకే ఇచ్చిన నిర్వచనము. నత్తి గల బాలుడు దానిలో ఇముడుట కష్టము. కావున ప్రభుత్వ పట్టికలలో వాడు కనబడడు, బడియే వానిని చూడవలెను.

ఇంటర్మీడియట్‌లో విజ్ఞాన శాస్త్రములు చదివిన మన విద్యార్థులకు ఇంటర్న్‌షిప్‌తో కలిపి నాలుగేండ్ల డిగ్రీ ఒకటి ఈ రంగమున కలదు. ఉర్దూ, తెలుగు రెండును ఇంటి భాషలుగా వచ్చిన మీకంటె ఆ ఇద్దరు బాలుర భేదము ఎవరు త్వరగా పసిగట్టగలరు? కమిటీ పెద్దలకు మా మనవి ఒక్కటే: వచ్చే జూన్‌లో బడులు తెరచునాటికి, మన చుట్టుప్రక్కల ప్రాథమిక పాఠశాలలకు వారమునకు ఒక్క దినమైనను శిక్షణ పొందిన వారిని రప్పించు ఏర్పాటు చేయవలెను. మొదటి దినము ఆ వెనుక బల్ల వద్దకే పంపుడు.