తాతగారి పరాకు

పెద్దవాళ్ళ పరాకును మనం లెక్కపెట్టము. తాత మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగిపోయి గోడవంక చూస్తే, “పరాకు” అంటాము. అవ్వ చేతిలో చేట అలాగే పట్టుకుని రెండు నిమిషాలు నిలబడిపోతే, “వయసు మీదపడింది” అని సరిపెట్టుకుంటాము. అటువంటి పరాకుల్లో కొన్నింటికి అసలు పేరు మూర్ఛ అంటే చాలామంది నమ్మరు. మూర్ఛ అనగానే మన కళ్ళకు కట్టేది వేరు: కిందపడి కాళ్ళూ చేతులూ కొట్టుకోవడం, నోట నురుగు, యెవరో పరుగున తెచ్చి చేతిలో పెట్టిన తాళాలగుత్తి. పైగా అది చిన్నపిల్లల జబ్బని మనకు గట్టి నమ్మకం.

ఆ నమ్మకంలో సగమే నిజం. మూర్ఛ కొత్తగా మొదలయ్యే కాలాలు రెండు: ఒకటి పసితనం, రెండోది ముసలితనం. పడమటి దేశాల లెక్కల్లోనయితే కొత్త కేసులు అందరికన్నా 65 దాటినవాళ్ళలోనే యెక్కువ. ఇందుకు పెద్ద కారణం పక్షవాతం. రక్తం అందక చచ్చిన చోట మెదడులో మచ్చ మిగులుతుంది. నెలలకో, యేళ్ళకో ఆ మచ్చచుట్టూ వున్న కణాలు కట్టుతప్పి ఒక్కసారిగా విద్యుత్తు చిమ్ముతాయి. తలదెబ్బ, మెదడులో గడ్డ, అల్జీమర్సు జబ్బు, బద్దెపురుగు గుడ్లవల్ల మెదడులో యేర్పడే తిత్తులు, ఇవీ కారణాలే. యెంత వెదికినా కారణం దొరకనివాళ్ళూ తక్కువమంది కారు.

తెలుగు పాఠం చెప్పుకునేవాణ్ణి గనక పేర్ల సంగతి ఒకటి చెబుతాను. తెలుగువాడు దీన్ని “సొమ్మ” అన్నాడు. సొమ్మసిల్లడం అన్నమాట అందులోదే. అందులో మనిషి పడిపోవడం కనిపిస్తుంది. చరకసంహితలో దీని పేరు అపస్మారం. స్మృతి తప్పడమని అర్థం. పడిపోవడమన్న ఊసే లేదు. ముసలివాళ్ళ మూర్ఛకు ఈ రెండోపేరే బాగా అతుకుతుంది. వాళ్ళలో తరచు మెదడులో ఒక మూల మాత్రమే అలజడి పుడుతుంది. చూపు నిలిచిపోతుంది, పిలిస్తే పలకరు, పెదవులు చప్పరిస్తారు, పంచెఅంచు నలుపుతారు. అంతా నిమిషం, రెండు నిమిషాలు. అటుతర్వాత తికమక. కుర్రవాడికి కాసేపట్లో విడిపోయే ఆ తికమక పెద్దవాళ్ళకు గంటలతరబడి, ఒక్కొక్కప్పుడు రోజులతరబడి వుంటుంది. చూసినవాళ్ళు “మతి పోయింది” అంటారు. పల్లెలో “గాలి సోకింది” అంటారు. పేరు తప్పితే దారి తప్పుతుంది. మంత్రగాడి దగ్గరికి వెళ్ళే మనిషి ఆసుపత్రికి వెళ్ళడు.

బెంగుళూరు నిమ్హాన్సు వైద్యులు తమ ప్రాంతంలో లక్షమందికి పైగా జనాన్ని పరీక్షించి 2004లో లెక్కలు ప్రకటించారు. మూర్ఛ వున్నవాళ్ళు పట్నంలో వెయ్యికి సుమారు ఆరుగురు. పల్లెల్లో సుమారు పన్నెండుగురు. జబ్బు పల్లెలో రెట్టింపు, వైద్యుడు మాత్రం పట్నంలో! మన అనంతపురం మెట్టమీద ఇంకొక చిక్కుంది. వానలేక శెనక్కాయ యెండిన యేడు కుర్రవాళ్ళు బెంగుళూరు బస్సెక్కుతారు. ఇంట్లో మిగిలేది తాతా అవ్వా. ఆ రెండు నిమిషాలు చూసేదెవరు?

చూసేవాళ్ళు లేకపోతే వైద్యుడి చేతులు సగం కట్టేసినట్టే. మెదడు విద్యుత్తును కాగితంమీద గీసే పద్ధతిని హాన్సు బెర్గర్ 1929లో ప్రకటించాడు. ఆ పరీక్ష యీనాటికీ అక్కరకు వస్తుంది. కాని మూర్ఛ రాని వేళలో తీస్తే గీతలు చక్కగానే వుండవచ్చు. కళ్ళారా చూసినవారి మాటకు అంత విలువ. యెంతసేపు, కళ్ళు యెటు తిరిగాయి, తర్వాత యెలా వున్నారు, యివి రాసిపెట్టండి. చేతిలో ఫోనుంటే వీడియో తీయండి.

అలాగని ప్రతి పరాకూ మూర్ఛ కాదు. లేచి నిలబడగానే రక్తపోటు పడిపోవడం, గుండె లయ తప్పడం కూడా ఇలాగే కనిపిస్తాయి. చక్కెరజబ్బు మాత్ర వేసుకుని అన్నం మానితే చక్కెర దిగిపోయి ఫిట్సు రావచ్చు. రక్తపోటుకు నీరు పోయే మాత్ర వాడేవారికి మన యెండాకాలంలో ఒంట్లో ఉప్పు తగ్గి కూడా రావచ్చు. అవి సరిచేస్తే చాలు, యేళ్ళతరబడి మందు అక్కరలేదు. అందుకే రక్తపరీక్షలు, గుండె పరీక్ష, తలకు స్కాను. చెయ్యి పడిపోయినా, మాట తడబడినా యింట్లో తర్కించకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకుపోవాలి.

మూర్ఛ అని తేలితే భయపడనక్కరలేదు. సరైన మందుతో నూటికి 70 మందికి అది ఆగిపోగలదని ప్రపంచ ఆరోగ్యసంస్థ మాట. పెద్దవాళ్ళకు చిన్నమోతాదు, నెమ్మదిగా పెంచడం. అమెరికాలో 60 దాటిన 593 మందిమీద పరిశోధన చేసి 2005లో తేల్చినదేమంటే, పాత కార్బమజెపీన్ కన్నా లామోట్రిజీన్, గాబపెంటిన్ పెద్దవాళ్ళ ఒంటికి బాగా పడతాయని. ఫెనిటాయిన్ యేళ్ళతరబడి వాడితే యెముకలు బలహీనపడవచ్చు. వాడే మాత్రలన్నీ వైద్యుడికి చూపండి. “తగ్గిందిగదా” అని మందు చటుక్కున మానకండి. ఫిట్సు వచ్చినపుడు పక్కకు తిప్పి పడుకోబెట్టండి; నోట్లో యేమీ పెట్టకండి; అయిదు నిమిషాలు దాటితే 108కి చెప్పండి.

ఇక అసలు దాపరికం. “తాతకు మూర్ఛ అంటే మనవరాలి సంబంధం చెడుతుంది” అని కొన్ని యిళ్ళలో నోరు మెదపరు. పక్షవాతపు మచ్చవల్ల వచ్చిన మూర్ఛ మనవరాలికి ఆస్తిలా సంక్రమించదు. చట్టం కూడా 1999లో మారింది; అంతకుముందు హిందూ వివాహచట్టంలో పెళ్ళికి అడ్డుగా వుండిన మూర్ఛను ఆ యేడు తీసివేశారు. చట్టం పుస్తకంలో కొట్టివేసిన మాటను మనం వీధి అరుగుమీద యింకా చదువుతూ కూర్చోవడం యేమి న్యాయం? తాత నోరు విప్పి తన సంగతి చెప్పుకోలేడు. ఆ రెండు నిమిషాలు ఆయన జ్ఞాపకంలోనే వుండవు. చెప్పవలసినవాళ్ళం మనమే.