ఖో వినపడేదాకా లేవకూడదు

ఖో-ఖోలో తరిమే జట్టులో ఎనిమిది మంది ఒకే వరుసలో గొంతుక్కూర్చుంటారు, ఒకరు ఇటు తిరిగి, పక్కవారు అటు తిరిగి. తొమ్మిదో ఆటగాడు తరుముతాడు. పరుగెత్తే పిల్ల చేతికందే దూరంలోంచి పోతున్నా, వెనక నుంచి వీపు తట్టి ‘ఖో’ అనేదాకా కూర్చున్నవారు లేవకూడదు. లేచి ఒక దిక్కు పట్టాక ఆ చివరి స్తంభం దాకా వెనక్కి మళ్లకూడదు. పన్నెండేళ్ల పిల్లను కాళ్లు ఉరకమంటాయి, నియమం ఆగమంటుంది. ఆ రెంటి మధ్య నలిగే క్షణంలోనే బుద్ధికి శిక్షణ ఉంది.

ఉద్రేకాన్ని ఆపుకోవడం, అవసరమైన విషయాన్ని మనసులో నిలుపుకోవడం, పరిస్థితి మారగానే ఎత్తుగడ మార్చడం అనే మూడింటినీ మనస్తత్వ శాస్త్రం మెదడు నిర్వహణ సామర్థ్యాలుగా లెక్కిస్తుంది. లెక్కను చివరిదాకా చదవకుండానే జవాబు రాసేసే విద్యార్థికి లోపించేది చాలాసార్లు తెలివి కాదు, ఈ మొదటి సామర్థ్యమే.

అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో చార్లెస్ హిల్‌మన్ బృందం 7 నుంచి 9 ఏళ్ల పిల్లలు 221 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టును తొమ్మిది నెలలపాటు బడి వదిలాక ఆడించింది. ఆడినవారిలో నిగ్రహం, ఆలోచన మార్చుకునే నేర్పు రెండో జట్టు కంటే ఎక్కువగా పెరిగాయని 2014లో ప్రకటించింది. ఎక్కువ రోజులు వచ్చినవారికి మేలు కూడా ఎక్కువే జరిగింది. అయితే దీన్నిబట్టి మార్కులు పెరిగిపోతాయని చెప్పడం తొందరపాటే. మార్కులకు ఇల్లు, భాష, ఉపాధ్యాయుడు, ఇంకా సవాలక్ష కారణాలుంటాయి.

భావోద్వేగాల సంగతికి కబడ్డీని మించిన ఉదాహరణ లేదు. కూతకు వెళ్లి పట్టుబడినవాడు బయట కూర్చుంటాడు. తన జట్టు అవతలివారిలో ఒకరిని అవుట్ చేస్తే, అవుటైన వరుసలో ముందున్నవాడు మళ్లీ బరిలోకి వస్తాడు. ఓటమి ఇక్కడ కాసేపటి మాట; తిరిగి రావడం మాత్రం పక్కవాడి చేతిలో ఉంటుంది. పరీక్షలో తప్పిన పిల్లవాడికి ఈ రెండూ ఎవరూ చెప్పరు. తిట్టి ఆడించే కోచ్ చేతిలో ఇదే ఆట అవమానంగా మారుతుందన్నదీ నిజమే.

5 నుంచి 17 ఏళ్లవారు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్లు అలిసేలా కదలాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. 2009 నాటి విద్యాహక్కు చట్టం బడికి ఆటస్థలం ఉండాలంది. ఆ చట్టం పరిధి ఎనిమిదో తరగతితో ఆగిపోతుంది. తెలుగు రాష్ట్రాల్లో అపార్టుమెంట్లలో నడిచే ఇంటర్ కళాశాలల పిల్లలకు మెట్లెక్కి దిగడమే వ్యాయామం.

స్థలమున్నచోట మరో చిక్కు. పోటీలు దగ్గరపడితే పీఈటీ దృష్టంతా ఎంపికైన జట్టు మీదే ఉంటుంది, మిగతావారు గట్టున కూర్చుని చప్పట్లు కొడతారు. అసలు అవసరం ఆ గట్టున ఉన్నవారిదే: లావుగా ఉన్నవాడు, బెరుకు పిల్ల, ఏడో తరగతి నుంచే ఆట మాన్పించిన అమ్మాయి. ఖో-ఖోకు రెండు స్తంభాలు, గీతలకు కాస్త సున్నం చాలు. కరువైంది పీరియడే. సంక్రాంతి దాటగానే పదో తరగతి టైమ్‌టేబుల్‌లో ‘ఆటలు’ అన్న మాట అలాగే ఉంటుంది, ఆ గంటలో లెక్కల స్లిప్ టెస్ట్ జరుగుతుంది.